టెంకాయ లేచిన చోటు

మా పాపను మూడో తరగతిలో బడి మాన్పించామని తెలిసి మా అన్న ప్రొద్దుటూరు నుంచి పనిగట్టుకుని పులివెందుల వచ్చి మరీ తిట్టిపోయాడు. ఆయనకు అక్కడ బట్టల అంగడి ఉంది, దానికి తగ్గ నోరూ ఉంది.

"ఏం బావా, ఆడపిల్లను చీనీ చెట్లకు కాపలా పెడతాండావా?" అన్నాడు మా ఆయనతో.

మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. నాకు మాత్రం ఒళ్లు మండింది. బడిలో పాప "ఎందుకు?" అని అడిగినందుకు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒప్పజెప్పమని గోడకుర్చీ వేయించారు. ఆ రోజు పిల్ల కాళ్లకు నూనె రాసింది నేను, మా అన్న కాదు.

ఆ తర్వాత పాపకు మా చీనీ తోటే, అంటే బత్తాయి తోటే, బడి. పొద్దున కాసేపు నా దగ్గర తెలుగు, ఎక్కాలు. మిగిలిన పగలంతా తండ్రి వెంట. డిగ్రీ చదివి తోట పట్టుకున్న మనిషి మా ఆయన. ఆయనది ఒక విచిత్రమైన పద్ధతి. పాప ఏం అడిగినా జవాబు చెప్పడు. "నువ్వే చూసి నాకు చెప్పు" అంటాడు. తెలియకే అలా తప్పించుకుంటున్నాడని మొదట్లో అనుకున్నాను. ఒకసారి డ్రిప్పు పైపుల రంధ్రాల్లో తెల్లగా పేరుకున్నది ఏమిటని పాపకు అనుమానం వచ్చింది. దాన్ని గోకి కొంచెం నీళ్లలో, కొంచెం మజ్జిగలో, కొంచెం నిమ్మరసంలో వేసి చూసింది. నిమ్మరసంలో బుసబుసా పొంగింది. ఆ వేళ నా వంటింట్లో వాడుకోవడానికి ఒక్క గిన్నె మిగల్లేదు.

జమ్మలమడుగులో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు గండికోట చూపించాం. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే పాప తండ్రి చెయ్యి పట్టుకుని లోయలోకి తొంగి చూసింది.

"నాయనా, పెన్న ఈ రాతిని కోసిందా, రాయి పగిలితే పెన్న వచ్చి దూరిందా?"

మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంటికొచ్చాక పెరట్లో మట్టి కుప్ప పోయడం, దాని మీద చెంబుతో నీళ్లు వంపి చూడడం మొదలైంది. ఎక్కడ చూసినా బురద. నేను తిడుతూనే పక్కన కూర్చుని చూశాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఎవరినీ తిట్టలేదు.

కొన్నేళ్లకు ఒక ఎండాకాలం మా బోరు నీళ్లకు బదులు గాలి కక్కడం మొదలుపెట్టింది. చీనీ ఆకులు ముడుచుకున్నాయి. మా అన్న మళ్లీ వచ్చాడు. తోట వదిలేసి తన అంగట్లో కూర్చోమని, పాపను అక్కడి బడిలో తానే చేర్పిస్తానని అన్నాడు. మంచి మాటే, కాదనడానికి లేదు.

"ఇంగొక్క బోరు వేస్తా బావా," అన్నాడు మా ఆయన. "నీళ్లు పడితే పాప ఈడనే నాతో చదువుకుంటాది. పడకపోతే నువ్వు చెప్పినట్టే."

పాప గడప దగ్గర కూర్చుని అంతా వింది.

మా వైపు బోరు వేసే ముందు టెంకాయ పట్టిస్తారు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని ఒకాయన చేనంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట అది నిలువుగా లేస్తుందని నమ్మకం. పక్క చేలల్లో ఆ తంతు చూసి మా ఆయన ఎంత నవ్వేవాడో! ఈసారి తానే పోయి పిలుచుకొచ్చాడు. మునిగిపోయేవాడికి గడ్డిపోచే ఆధారం.

టెంకాయ ఉత్తరం గట్టు దగ్గర లేచింది. మా ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అప్పుడు పాప ముందుకొచ్చింది.

"తాతా, కండ్లకు గుడ్డ కట్టుకొని ఇంగొకసారి నడుస్తావా? అదే చోట లేస్తాదేమో చూస్తా."

ఆ పెద్దాయన మంచివాడు, నవ్వాడు. "కట్టు పాపా, నాకేం భయం?" అన్నాడు. పాప తన చున్నీ తీసి ఆయన కళ్లకు కట్టి, చెయ్యి పట్టుకుని నడిపించింది. గట్టు దగ్గర టెంకాయ కదల్లేదు. చాలా అవతల, పశువుల కొట్టం వెనక లేచింది. పాప తండ్రి వైపు తిరిగింది. నిమ్మరసం పొంగిన రోజు కూడా సరిగ్గా అలాగే తిరిగింది, కళ్లు ఇంతింత చేసుకుని.

"నోరు మూసుకో!" అని అరిచాడు మా ఆయన. "శానా చూసినావులే. పెద్దోళ్లతో ఆటలాడ్తాండావా? పో ఇంట్లోకి!"

పాప పోయింది. నేను ఆగలేకపోయాను.

"ఏమయ్యా, ఆ పిల్లకు అడగమని నేర్పింది ఎవరు?"

"ఇప్పుడు కాదు," అన్నాడు. "ఈ ఒక్కసారికి వద్దే." ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది.

బోరు గట్టు దగ్గరే వేశారు. పొద్దుగూకే దాకా బోరు లారీ మోగింది. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. కొట్టం వెనక వేసి ఉంటే నీళ్లు పడేవని నేను అనను. అక్కడా దుమ్మే వచ్చేదేమో, ఎవరికి తెలుసు? పాప కూడా ఆ మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "నేను చెప్పలే?" అని తండ్రిని ఒక్క మాట దెప్పి ఉంటే నా కడుపు చల్లబడేది. పోయి తన బట్టలు సర్దుకుంది.

ఇప్పుడు మేం ప్రొద్దుటూరులో ఉన్నాం. మా ఆయన, నేను అంగట్లో పనిచేస్తాం. పాపకు మంచి మార్కులు వస్తున్నాయి. "మీ పాప శానా నెమ్మదమ్మా, ఒక్క మాట ఎదురడగదు" అని టీచరు మెచ్చుకున్న రోజు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. మా అన్నకేమో ఒకటే సంబరం. పాపం, ఆయన తప్పు కూడా ఏమీ లేదు. తీరా చూస్తే కోపం తెచ్చుకోవడానికి నాకు ఒక్క మనిషి కూడా దొరకలేదు.

మొన్న అంగడికి కొత్త సరుకు వచ్చింది. పాప ఒక మూల కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. మా ఆయన ఒక ఎర్ర చీర కొస పట్టుకుని పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. తోటలో మాట్లాడే గొంతుతో అడిగాడు.

"పాపా, ఈ రంగు ఉతికితే పోతాదో పోదో ఎట్ల తెలుసుకోవాల?"

నేను మడతపెడుతున్న చీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాప తలెత్తి తండ్రిని చూసింది. మర్యాదగా కొత్త పేజీ తిప్పి పెన్ను పట్టుకుంది.

"చెప్పు నాయనా, రాసుకుంటా."

ఆయన కాసేపు చీర కొసను వేళ్ల మధ్య నలిపాడు. తర్వాత చెప్పాడు. పాప రాసుకుంది.