చాయ్ వాసన వచ్చిన మోరీ నీళ్ళు

ఈ రోజు పొద్దుటి నుంచి వాన. మా షూటింగ్ మాత్రం ఫిల్మ్ నగర్‌లో, పైకప్పున్న స్టూడియో ఫ్లోర్‌లో ఆగకుండా జరిగింది. వరదలో మునిగిన బస్తీ సెట్ అది. నేను అసిస్టెంట్ డైరెక్టర్‌ని. మురుగులా కనబడాలని ఆరు ట్యాంకర్ల మంచినీళ్ళలో టీ డికాషన్ కలిపారు. హీరోయిన్‌కు ఇన్ఫెక్షన్ రాకూడదు కదా.

నాలుగింటికి సీన్ అయిపోయింది. వానా ఆగింది.

"ఈ నీళ్ళన్నీ ఎక్కడ వదలాలమ్మా?" అని ప్రొడక్షన్ మేనేజర్ గారు అడిగితే, గేటు పక్కన మ్యాన్‌హోల్ నేనే చూపించాను. మూత తీయించి, పైపు పెట్టించాను. పని తొందరగా తేల్చానని ఆయన మెచ్చుకున్నారు కూడా.

ఇంటికి వచ్చాను. మా బస్తీ ఆ స్టూడియో ఉన్న గుట్ట కిందే ఉంటుంది. వంటగదిలో చీలమండ దాకా నీళ్ళు. నా డిగ్రీ సర్టిఫికెట్లు అటక మీద భద్రంగా ఉన్నాయి. బియ్యం సంచి తడిసిపోయింది. అమ్మ గిన్నెతో నీళ్ళు తోడిపోస్తోంది.

"పొద్దంత వాన పడితే రాలే. ఆగినంక గీ నీళ్ళు యాడికెళ్ళి వస్తున్నయే? మోరీ కంపుల చాయ్ వాసనేంది బిడ్డా? మనింట్ల సదువుకున్నది నువ్వొక్కదానివే, జర చెప్పు."

నేను బకెట్ అందుకున్నాను.

డ్రైనేజీ బాగు చేయడం లేదని అధికారులను తిడుతూ నిన్న ఇక్కడే పోస్టు పెట్టాను. మీరంతా మెచ్చుకున్నారు. ఈ రోజు ఎవరిని తిట్టాలో కూడా మీరే చెప్పండి.