ఆరున్నొకటి

చింతగింజల కుప్పలు పది. గింజలు మొత్తం యాభై నాలుగు. కామరాజు రేవుమెట్టు మీద కూర్చుని పంచి చూశాడు. రోజుకి అయిదు మెట్లు, పైన నాలుగు గింజలు మిగిలాయి.

పడవకి గెడ వేసి వేసి అతని భుజం కీలు తప్పింది. ఇక నడపలేడు. గన్నవరం దగ్గర కొత్తగా కట్టిన లాకుకి, రోజూ నీటిమట్టం చూసి సరాసరి చెప్పే మనిషి కావాలన్నారు. ఆ పని దొరక్కపోతే ఇంక వేరే పని లేదు. అన్నీ కూడి రోజులకి పంచాలని గుమాస్తా ఆదినారాయణ ఒక్కసారి చెప్పాడు. సోమవారం ఓవర్సీరు పరీక్ష. చెయ్యి తిరగాలంటే సాధన కావాలి, సాధనకి అంకెలు కావాలి.

చెట్టుకెన్ని కాయలని అడిగితే, "దిష్టి పెట్టడానికొచ్చేవేంట్రా?" అన్నారు కొబ్బరితోట బాపిరాజుగారు. వలవాళ్లనడిగితే, "చేపలు లెక్కెడితే రేపు పీతలే పడతాయండీ" అని నవ్వారు. చివరికి దొరికినవి వదిన వరహాలమ్మ గింజలే. నీళ్లకొచ్చినప్పుడు ఎన్ని మెట్లు మునిగాయో చూసి, మెట్టుకో గింజ చొప్పున రోజుకో కుప్ప పెట్టడం ఆమెకి అలవాటు. పది రోజులకి పంచానని ఆమెకి చెప్పాడు.

"పది రోజులెక్కడివండీ మరిదిగారూ? ఏకాదశినాడు మొదలెట్టేను. నిన్న చవితి. తొమ్మిదే!"

"మరి ఒక్క మెట్టే మునిగిన రోజుందేంటి వదినా?"

"అయ్యో, అది రోజు కాదండీ. పక్కనున్న ఆరుతో కలపండి. ఏడు పెడితే ఇంట్లో ఏడుపేనని ఆరున్నొకటిగా పెట్టేను."

ధాన్యం కొలిచేటప్పుడు కామరాజూ పుట్టి బుద్ధెరిగిననాటినుంచీ ఆరున్నొకటే అన్నాడు. గింజల్లో మాత్రం పోల్చుకోలేకపోయాడు. తొమ్మిదికి పంచితే సరిగ్గా ఆరు.

సోమవారం లాకు దగ్గర కాపలా రాఘవులు నీటిమట్టం అంకెలు చదివాడు. ముసలాయనకి మాట మాటకీ ఆయాసం. "అయిదు... ఎనిమిది... ఆరు... న్నొకటి... ఆరు... నాలుగు."

పనికొచ్చిన రెండోవాడు పెదబాబు గబగబా కూడి, "ముప్ఫై. ఆరింటికి పంచితే అయిదండీ" అన్నాడు.

కామరాజు పంచకుండా ఆగాడు. "ఇవెన్ని రోజులవండీ రాఘవులుగారూ?"

"అయిదండీ, ఆయ్."

"అయితే సరాసరి ఆరండీ."

ఓవర్సీరు కాగితం చూసుకుని తలాడించాడు.

కామరాజు పనిలో చేరిన మొదటిరోజు నీరు ఏడడుగులుంది. కాగితం మీద 7 వేశాడు. గట్టుమీద అడిగినవాళ్లకి మాత్రం ఆరున్నొకటన్నాడు.