చీమలకు పెట్టిన చెయ్యి

ఫ్రిస్కోకు కాపురానికొచ్చిన తొమ్మిదేళ్లకు రాగిణికి వర్క్ పర్మిట్ వచ్చింది. జువాలజీ చదివిన మనిషికి ఇక్కడేం దొరుకుతుందని, స్నేహితులంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోమన్నారు. సలహాకి ఖర్చేముంది! ఆవిడ మాత్రం అరగంట దూరంలోని చిన్న కీటకాల మ్యూజియంలో, బుల్లెట్ చీమలకు తిండి పెట్టే పనిలో చేరింది.

వానలు విడవని అడవుల్లో పురుగుల్ని వేటాడి బతికే చీమలవి. ఒక్కోటి అంగుళం పొడవు. కుడితే రోజంతా నొప్పి. పురుగుల్ని పట్టకారుతో వేయాలి, తేనెనీళ్ల దూదిని గ్లవ్స్‌తో పెట్టాలి. రాగిణి దూదిని ఉత్త చేత్తోనే పిండి పెట్టేది. చేత్తో పెట్టకపోతే పెట్టినట్టే ఉండదని ఆవిడ పట్టుదల.

ఆ శుక్రవారం పొద్దున గడప ముందు ముగ్గు వేసింది. బియ్యప్పిండికి ఎర్రచీమలు చేరుతున్నాయని పక్కింటివాళ్లు గొడవ చేసినప్పటి నుంచి చాక్‌పీసుతోనే వేస్తోంది. అది అయిపోతే, అత్తగారు ఊరికి తిరిగి వెళ్తూ వదిలేసిన సూట్‌కేసు అడుగున దొరికిన తెల్లముక్కతో కానిచ్చి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని పనికి పరుగెత్తింది.

మధ్యాహ్నానికి ముప్పై చీమలు వెల్లకిలా పడ్డాయి. మర్నాటికి రాణి చీమ పోయింది. పక్క గదిలో బొద్దింకలకు స్ప్రే కొట్టిన దేవ్ అనే స్టూడెంట్‌ను, ఇక పనికి రావద్దని మేనేజర్ లిండా పంపేసింది. తలుపు మూసే కొట్టానని అతను చెబుతూనే ఉన్నాడు.

సాయంత్రం ఇంటికొస్తే, ముగ్గు గీతల వెంట ఎర్రచీమలు చచ్చి ఉన్నాయి. అత్తగారికి ఫోన్ చేస్తే, అది చీమల మందు చాక్‌పీసని, కవరు చిరిగితే పారేశానని తాపీగా చెప్పింది.

"నువ్వేం చెప్పకు," అన్నాడు భర్త అవినాష్. "దేవ్‌కి ఇంకో పార్ట్‌టైమ్ దొరుకుతుంది. నీకు ఈ జాబ్ పోతే మళ్లీ ఇంట్లోనే."

ఆ మాట అబద్ధం కాదు. అందుకే ఆవిడకు ఏడుపొచ్చింది. ఆదివారమంతా అన్నం సహించలేదు. సోమవారం లిండా ముందు నిలబడి, దేవ్ తప్పేం లేదని, విషం తన చేతిదని చెప్పేసింది.

లిండా దేవ్‌కు ఫోన్ చేసి రమ్మంది. రాణి లేని పుట్టలో కొత్త చీమలు పుట్టవు కాబట్టి, ఉన్నవి బతికినన్నాళ్లూ రాగిణినే చూసుకోమంది. ఆఖరి చీమతో ఆ ఉద్యోగం కూడా అయిపోతుంది.

రాగిణి మొదటిసారి గ్లవ్స్ తొడుక్కుంది. దూది పిండి పెట్టి, అద్దానికి ముఖం ఆనించి లెక్కపెట్టింది. నలభై ఒకటి.