సోమాచారి మామ గీసిన సుద్ద గీతలు

కోదాడలో రోడ్డు పక్కన జీపు ఆపి టీ తాగుతుంటే సుత్తె దెబ్బలు వినపడ్డాయి. పక్కనే కమాన్ల దుకాణం. లారీలకూ జీపులకూ బరువు మోయడానికి అడుగున వంపు తిరిగిన ఇనుప పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కడతారు. వాటినే కమాను పట్టీలంటారు. దుకాణం మేస్త్రీ ఒక్కో పట్టీని రాతి మీద నిలబెట్టి కొట్టి చూస్తున్నాడు. మొదటిది ఖంగుమంది. రెండోది ఖంగుమంది. మూడోది మోగలేదు, జలుబు చేసినవాడు పలికినట్టు ఒక మూగ చప్పుడు చేసి ఊరుకుంది. మేస్త్రీ దాన్ని కూడా మంచివాటి మీదే పెట్టేశాడు. గ్లాసు నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పెద్ద నష్టమేమీ లేదు, టీ బాగా లేదు. కానీ ఆ మూగ చప్పుడు ఎక్కడ విన్నా నాకు సోమాచారి మామ ఎదురుగా వచ్చి నిలబడతాడు, నన్ను అనుమానంగా చూస్తూ.

ఆయన మాకు చుట్టం కాదు. సూర్యాపేటలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే కమ్మరి మేస్త్రీ. మొదట్లో ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాడట. ఎడ్లు తగ్గి లారీలు పెరిగాక మిర్యాలగూడ వెళ్ళి, బియ్యం మిల్లుల లారీలకు కమాన్లు కట్టాడు. యాభై దాటాక అంతా వదిలేసి మా వీధికి వచ్చాడు. ఎందుకు వదిలేశాడో ఎవరికీ తెలియదు. అడిగితే, అడిగినవాణ్ణే అనుమానించేవాడు. ఆ అనుమానంలో మాత్రం పక్షపాతం ఉండేది కాదు. కుర్చీలో కూర్చునే ముందు చేత్తో నొక్కి చూసేవాడు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి, సందు చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి నాలుగోసారి లాగేవాడు. తాళంచెవి జంధ్యానికి కట్టుకునేవాడు. బస్సెక్కితే ముందు డ్రైవరు దగ్గరికి పోయి, "కమాన్లు ఎప్పుడు మార్చిన్రు?" అని అడిగి, ఆ తర్వాతే టికెట్టు తీసుకునేవాడు. ఒకసారి మా అమ్మ పెట్టిన అరిసెను విరిచి లోపలికి చూశాడు.

"ఏముంది మామా లోపట?" అన్నాను.

"ఏం లేదు. గదే సూస్తున్న," అన్నాడు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. తిరుమలగిరి వైపు బోర్లు వేసే బుచ్చిరెడ్డి దగ్గర నా జీపు కిరాయికి తిరిగేది. నాకంటే రెండేళ్ళు పెద్ద జీపు, నాకంటే ఎక్కువ పనిచేసేది. మా ఇంటి పొయ్యి దాని మీదే వెలిగేది. కానీ ఆ వైపు పొలాల దారులన్నీ రాళ్ళు. గట్టు దాటినప్పుడల్లా వెనక ఇరుసు మధ్యనున్న ఇనుప గుండు రాతికి తగిలి, జీపు పొదిగే కోడిపెట్టలా కూర్చునేది. రెండుసార్లు ట్రాక్టరు తెచ్చి లాగించాక బుచ్చిరెడ్డి తేల్చి చెప్పాడు.

"ఇంకొక్కపారి నీ జీపు రాయి మీద కూసున్నదా, నేను వేరే బండి మాట్లాడుకుంట సురేందర్. నీ జోకులు ఇనుటానికి నేను బోర్లేస్తలే."

అందుకని జీపును పైకి లేపించాలనుకున్నాను. కమాన్లకు ఒక్కో పట్టీ ఎక్కువ వేసి, వంపు పెంచి కడితే బండి ఎత్తు పెరుగుతుంది. సోమాచారి మామ మా వాకిట్లోనే చేస్తానన్నాడు. దుకాణంలో అయితే నలుగురి చేతులు పడతాయట, ఎవడు ఏది బిగించాడో ఎవడికీ తెలియదట.

"ఎంత లేపాలె?"

"జానెడు."

"జానెడు లేపితే మలుపుల మీద బొక్కబోర్ల పడుతది. నాలుగు వేళ్ళు లేపుత. సాలదంటే నిచ్చెన కొనుక్కో, జీపెందుకు."

పని మూడు రోజులు పట్టింది. జాకీతో లేపిన జీపు కింద చింతమొద్దులు పెట్టాడు, మొద్దుల పక్కన రాళ్ళు పెట్టాడు, చివరికి జీపును భుజంతో తోసి చూశాడు. తుప్పు పట్టిన బోల్టుల మీద కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిచ్చాడు. విప్పిన ప్రతి పట్టీని సుత్తెతో మోగించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. బండి లేచాక బ్రేకు పైపు బిగుసుకుపోతుందని, దాన్ని పట్టి ఉంచే కొక్కేన్ని కిందికి దించాడు. కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే పెద్ద యూ బోల్టులను, పానాకు గొట్టం తొడిగి, ఒంటి బరువంతా వేసి బిగించాడు. బిగించిన ప్రతి నట్టు మీదినుంచి పక్కనున్న ఇనుము మీదికి సుద్దముక్కతో ఒక గీత గీశాడు. నట్టు కదిలితే గీత విడిపోతుంది.

"నీ చెయ్యి మీద నీకు నమ్మకం లేదా మామా?"

"నా చెయ్యి నాకు యాభై ఏండ్ల సంది ఎరుక. గందుకే లేదు."

ఇక నా సంగతి. ఆయనకంటే నేనేమీ తక్కువ తినలేదు. కమాన్ల పని దగ్గర మంచి పట్టీలు మాయమై పాతవి వచ్చి చేరతాయని డ్రైవర్లందరూ అనేవారు. అందుకే పని మొదలయ్యే ముందే, ఆయన రాకముందు, నా పట్టీలన్నింటి అంచున ఆకురాయితో చిన్న గాటు పెట్టి ఉంచాను. మూడోరోజు సాయంత్రం పని అయిపోయాక, చెప్పు వెతుకుతున్నట్టు వంగి చూశాను. వెనక ఎడమ కమానులో, కొత్తగా కలిపిన పట్టీ కాక, ఇంకో రెండింటికి గాట్లు లేవు.

అప్పుడు నేను ఆయన్ని పక్కకు పిలిచి అడగాల్సింది. కానీ వాకిట్లో అరడజను మంది ఉన్నారు. అంతమందిని ఊరికే వదిలేయడం అప్పట్లో నావల్ల అయ్యేది కాదు.

"మామా, నా పట్టీలు రెండు మీ ఇంటికి చుట్టపుచూపుకు పోయినట్టున్నయి. ఎప్పుడొస్తయో ఏమన్న చెప్పినయా?"

అందరూ నవ్వారు. బుచ్చిరెడ్డి కూడా నవ్వాడు, అతను నవ్వడం అరుదు. సోమాచారి మామ గోనెగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"పోయినయ్," అన్నాడు. "కొత్త కట్టు, తిరిగితే సర్దుకుంటది, బోల్టులు వదులైతయ్. రేపు పొద్దుగాల నేనొచ్చి కూసుంట. జర దూరం పోయినంక మళ్ళ బిగియ్యాలె. నేను లేకుండ బండి తియ్యకు."

పానా సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు. దొంగ ఒప్పుకున్నాడని నేను సంబరపడ్డాను. పైగా మళ్ళీ వస్తానంటున్నాడు, మిగిలినవి కూడా పట్టుకుపోవడానికేమో అనుకున్నాను.

మరునాడు ఆయన రాకముందే జీపు తీశాను. మిర్యాలగూడ నుంచి బోరు యంత్రం సామాను తేవాలి. బుచ్చిరెడ్డి ముందు సీట్లో, ఇద్దరు కూలీలు వెనక. జీపు ఠీవిగా, అందరినీ పైనుంచి చూస్తూ పోయింది. సాగర్ కాలువలు మొదలయ్యేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత స్టీరింగ్ నేరుగా పట్టుకున్నా బండి ఎడమకు, కాలువ వైపు, కొద్దికొద్దిగా జరగడం మొదలుపెట్టింది.

"కాలువల నీళ్ళు తాగుదామనుకుంటున్నదా నీ జీపు?" అన్నాడు బుచ్చిరెడ్డి. ఆ జోకు నేను వేసి ఉండాల్సింది. నేను స్టీరింగ్‌ను కుడికి లాగుతూ ఉన్నాను.

ఆపి, కిందికి దూరి చూశాను. వెనక ఎడమ వైపు నాలుగు నట్ల మీదా సుద్ద గీతలు విడిపోయి ఉన్నాయి. నట్టు మీది ముక్క ఒకచోట, ఇనుము మీది ముక్క ఇంకోచోట. కమాను ఇరుసు మీద పక్కకు జరిగింది. ఇంకొంచెం పోతే ఏమయ్యేదో చెప్పడానికి మేస్త్రీ అక్కర్లేదు, కాలువ పక్కనే ఉంది. నా పానా ఆ నట్లకు సరిపోదు. బుచ్చిరెడ్డి గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. వేరే బండి గురించి ఆలోచిస్తున్నాడని అతని వీపు చెప్తోంది.

గంట గడిచాక, బియ్యం ఎత్తుకోవడానికి సూర్యాపేట నుంచి ఖాళీగా వస్తున్న లారీ ఒకటి మా దగ్గర ఆగింది. అందులోంచి సోమాచారి మామ దిగాడు. మా ఇంటికి వెళితే, మిర్యాలగూడ పోయానని మా అమ్మ చెప్పిందట. నా వైపు రాకుండా, ముందు వంగి ఆ లారీ కమాన్లు చూసి, డ్రైవరుకు రెండు మాటలు చెప్పి పంపించాడు. తర్వాత జీపు కింద మొద్దు పెట్టించి, కమానును సరిచేసి, నాలుగు నట్లూ బిగించి, పాత గీతలు తుడిచి కొత్తవి గీశాడు. అంతా అయ్యాక బుచ్చిరెడ్డినీ కూలీలనూ కాలువ దగ్గరికి కాళ్ళు కడుక్కోమని పంపి, గోనెసంచిలోంచి రెండు పట్టీలు తీశాడు. వాటి అంచున నా గాట్లున్నాయి. పానాతో ఒకదాన్ని కొట్టాడు. మోగలేదు. మధ్య బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులు చూపించాడు. రెండోదానికీ అంతే. గాట్లు లేని ఆ రెండూ వీటి బదులు ఆయన వేసిన మంచి పట్టీలు.

"నిన్ననే చెప్పొచ్చు గద మామా."

"నువ్వు గాట్లు పెట్టినవ్, నేను మొదటి రోజే సూసిన. పెట్టాలె, మంచిదే. ఎవన్నీ నమ్మొద్దు. గని అనుమానమొస్తే నన్ను అడగాలె. నువ్వు నలుగురిని నవ్వించినవ్. వాళ్ళు నవ్వినంక నేనేం చెప్పినా దొంగ చెప్పినట్టే ఉంటది."

పట్టీలను మళ్ళీ సంచీలో వేస్తూ చెప్పాడు. "మిర్యాలగూడల ఒకడు బోల్టులు మళ్ళ బిగించిన అన్నడు. నమ్మిన. గా లారీ పడ్డది. మీదున్న హమాలీ ఒకనికి కాలు తీసేసిన్రు దవాఖానల. గంతే, ఇగ ఆడ ఉండబుద్ధి కాలె."

నా నోటిదాకా ఒక జోకు వచ్చింది. మంచి జోకే. మింగేశాను. అది నాకు మొదటిసారి కాబట్టి గొంతులో కాసేపు అడ్డం పడింది.

"తప్పయింది మామా," అన్నాను.

ఆయన నన్ను పరీక్షగా చూశాడు, అరిసెను విరిచి చూసినట్టు. నమ్మాడో లేదో తెలియదు. మిర్యాలగూడ దాకా మాతో వచ్చాడు, జీపులో కూర్చునే ముందు సీటు నొక్కి చూసి. అక్కడ బుచ్చిరెడ్డి సామాను ఎక్కించి, "రేపు తిరుమలగిరికి పొద్దుగాల్నే రా," అన్నాడు నాతో. పక్కవాడి మీద నలుగురిని నవ్వించే అవకాశం వచ్చినా, ముందు వాణ్ణి అడగాల్సిందేమైనా ఉందా అని చూసుకోవడం అప్పటినుంచి అలవాటైంది. దీనివల్ల స్నేహితుల్లో నా పేరు కొంచెం దెబ్బతింది.

సోమాచారి మామ పోయి నాలుగేళ్ళయింది. వాళ్ళింటి తాళం ఇప్పుడు వేరేవాళ్ళు ఒక్కసారే లాగుతారు.

కోదాడలో టీ గ్లాసు పెట్టేసి దుకాణం దగ్గరికి పోయాను. బేరాలవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, మేస్త్రీని పక్కకు పిలిచి, మూడో పట్టీ ఒకసారి మళ్ళీ కొట్టి చూడమన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎవరయ్యా నువ్వు? ఏ షాపోళ్ళు పంపించారు?"

ఎవరూ పంపలేదన్నాను. నమ్మలేదు. కానీ పట్టీ తీసి, ఈసారి చెవి దగ్గర పెట్టుకుని కొట్టాడు. దాన్ని విడిగా గోడకు ఆనించాడు.

నేను వచ్చి నా జీపు కింద వంగి, ఇప్పుడు నేనే గీసుకునే సుద్ద గీతలు చూసుకున్నాను. టీ తాగేంతలో ఏం వదులవుతాయని ఎవరైనా అడగొచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అడిగేవాణ్ణి, అదీ నలుగురి ముందు.