ఒరుగుల మీద నీలం మచ్చలు

నాది పుట్టు అనుమానం. కూరగాయల బండి దగ్గర తక్కెడ కింద వేలు పెట్టారేమోనని వంగి చూసే రకం. అలాంటివాడి చేతికి వేడిని చూపించే కెమెరా ఇచ్చారు.

మామిడి ముక్కలు ఎండలో ఎలా ఆరుతాయో చూడటానికి, కాలేజీ పని మీద ఆ వేసవంతా బద్వేలు దగ్గర ఒక పల్లెకు వెళ్లేవాణ్ణి. అక్కడ ఆడవాళ్ల సంఘం మిద్దె మీద ఆ ముక్కలను ఎండబెట్టి ఒరుగులు పెట్టేది. ఎవరి తట్ట బరువుకు తగ్గట్టు వాళ్లకు కూలి. నేను గంటకోసారి ఫోటో తీసేవాణ్ణి. తడి ముక్క చల్లగా ఉంటుంది కాబట్టి తెర మీద నీలంగా, ఆరింది ఎర్రగా కనబడుతుంది.

ఒక రోజు ఒక తట్టలో, ఎర్రబడిన ముక్కల మీద మళ్లీ నీలం మచ్చలు వచ్చాయి. ఆ తర్వాత వారం పాటు, నేను వెళ్లిన ప్రతి రోజూ అంతే. ఆరింది తడవడమేమిటి? ఆ తట్ట ఒక అవ్వది. ఒంటరి మనిషి, ఆ కూలి తప్ప వేరే ఆధారం లేదు. బరువు కోసం నీళ్లు చల్లుతోందని తేల్చేశాను. అడిగితే అబద్ధం చెబుతుందని అడగలేదు కూడా. నేరుగా సంఘం పెద్దామెకు ఫోటోలు చూపించాను. బూజు పడితే సరుకంతా పోతుందని ఆమె భయపడి, ఆ సాయంత్రమే అవ్వను మానిపించింది.

మెట్లు దిగబోతూ అవ్వ నా దగ్గర ఆగింది. గొంతు పెంచలేదు.

"నువ్వు గంటకోసారి ఆ కన్ను పెట్టి చూస్తాండావు నాయనా. తినే వస్తువుకు దిష్టి తగలదా? నువ్వు వచ్చే ముందర రోంత ఉప్పునీళ్లు చల్లుతాంటి. అంతే."

నమ్మలేదు. కానీ ఆరే వేగం కొలవడానికి తట్టల కింద నేను పెట్టిన, బరువు దానంతటదే రాసుకునే యంత్రం ఉంది. మర్నాడు అందులో చూశాను. ఆ వారంలో నేను వెళ్లని ఆదివారం అవ్వ తట్ట బరువు తగ్గుతూనే పోయింది, ఒక్కసారీ పెరగలేదు. బరువు కోసమే అయితే ఆ రోజూ చల్లి ఉండేది. తల కొట్టేసినట్టయింది. పెద్దామె దగ్గరికి పరుగెత్తాను. ఆ తట్ట అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారట. నీళ్లు కలిపిందని ఊరంతా పాకిన మాటను ఇప్పుడు ఎవరు ఆపుతారని ఆమె నన్నే అడిగింది.

అవ్వ ఇంటికి వెళ్లాను. తప్పు నాదేనని చెప్పాను. ఆమె కోప్పడలేదు. కూర్చోమంది, తాగడానికి నీళ్లిచ్చింది. అంతకు ముందే, నేను వాకిట్లో అడుగు పెడుతుండగానే, మంచం మీద ఆరబెట్టుకున్న సొంత ఒరుగుల మీద గబగబా పాత చీర కప్పింది. ఆ రోజు నా చేతిలో కెమెరా లేదు.