వదిన కలిపిన దోసావకాయ

కింద దీపం వెలిగిస్తే పైన చల్లబడే పెట్టె మా ఇంటికి వచ్చిన రోజున మా అత్త దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. "దీపమెడితే సల్లబడతాదా? నన్నెర్రిదాన్ని సేత్తన్నావేటిరా?" అని కొడుకుని నిలదీసింది. మా ఆయన వంగి దీపం ఒత్తి సరిచేయసాగాడు. అది కిరసనాయిలు ఫ్రిజ్ అనీ, కరెంటు లేని చోట్ల కోసమే చేశారనీ నేనే చెప్పాను. అదెలా పనిచేస్తుందో నాకూ తెలియదు. తెలియకపోయినా తెలిసినట్టు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

అరవైల చివరి మాట ఇది. కోటబొమ్మాళిలో మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. మా ఆయన ఇంటి ముందు గదిలో మందుల షాపు పెట్టాడు. ఎండలకి ఇంజక్షన్ సీసాలు పాడవుతున్నాయని బాధపడుతుంటే, స్వదేశం వెళ్ళిపోతున్న మిషన్ దొరసాని ఒకావిడ సామాన్లు అమ్మేస్తోందని తెలిసింది. వెళ్ళి ఈ పెట్టె కొని ఎడ్లబండి మీద తెచ్చాడు. పై అరలో మందులు సర్దాడు. కింది రెండు అరలూ ఖాళీ. ఖాళీ అర కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

అన్నిటికన్నా కింది అరలో ఓ మూల మాత్రం దొరసాని మరిచిపోయిన గాజుసీసా ఒకటి ఉంది. పుల్లటి నీళ్ళలో దోసకాయ ముక్కలు తేలుతున్నాయి. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. కారం లేదు, ఆవ లేదు, నూనె చుక్క లేదు. అయ్యో పాపం, ఈ దేశంలో ఇన్నేళ్ళుండి ఆ తల్లి తిన్నది ఇదా అని జాలేసింది. కానీ ముక్క మాత్రం కరకరలాడింది. ఎన్నాళ్ళదో ఏమో, వాసన లేదు, బూజు లేదు. ఇంత చప్పటి ముక్కే ఇన్నాళ్ళు నిలిచినప్పుడు మన దోసావకాయకి ఏం రోగం అనుకున్నాను.

దోసావకాయ అందరూ పెట్టేదే. పచ్చటి దోసకాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె. మూడో రోజుకి ఊరుతుంది, వారం తిరిగేసరికి మెత్తబడి పోతుంది. ఏడాదంతా నిలిచే మామిడి ఆవకాయ ముందు దానికి ఊరగాయ అన్న గౌరవం లేదు. నాకు కావలసింది సరిగ్గా ఆ గౌరవం లేకపోవడమే. ఎందుకంటే మా ఇంట్లో మా వదిన ఉంది.

వదిన అంటే మా ఆయనకి అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. పెట్టె వచ్చేనాటికి ఆవిడ వచ్చి ఆరేళ్ళు. ఇంటి పనంతా ఆవిడ చేతి మీదే నడిచేది. కూలీలకి అన్నం వండడం, పాలు తీయడం, తల్లికి కాళ్ళు పట్టడం, అన్నీ. ఆ చెయ్యి పడకూడనిది ఒక్క ఊరగాయ మీదే. మొగుడు పోయిన ఆడది కలిపితే జాడీ బూజు పడుతుందని పట్టింపు. నౌపడ ఉప్పు ఎండబెట్టి దంచడానికి ఆవిడ కావాలి. మామిడికాయ కొట్టడానికి, ఆవాలు దంచి జల్లించడానికి ఆవిడే కావాలి. పసుపుకుంకాలున్న అత్త కలిపే పళ్ళెం బయటికి తెచ్చేసరికి మాత్రం, ఎవరూ ఏమీ అనకుండానే, తనే లేచి పశువుల శాలలోకి వెళ్ళిపోయేది. కాపురానికి వచ్చిన మొదటి వేసవిలో నేనది చూశాను. ఒళ్ళు మండిపోయింది. కొత్త కోడల్ని గనక నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

అందుకని ఆ కార్తీకంలో దోసకాయలు తరిగి పళ్ళెంలో పోసి, అత్త ఎదురుగానే కేకేశాను.

"వొదినా, బేగి రా. నువ్వు కలుపు."

ఆవిడ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "నానా? నీకేటి మతి పోనాదా?"

"ఇది ఊరగాయేటి? వారం రోజుల కూర. రోజూ కూర వొండతన్నావు కాదా?" అని అత్త వైపు తిరిగాను. "ఏటత్తా, కూరకి కూడా పట్టింపులేటి?"

అత్త దవడ నొక్కుకుంది. "నీ పెట్టి, నీ ఇట్టం. జాడీల గదిలోకి మాత్రం తేకండి," అంది.

వదిన మొదట వేళ్ళ కొసలతో కలిపింది. తర్వాత అరచెయ్యి, ఆ తర్వాత మణికట్టు దాకా. కలపడం అయిపోయినా చెయ్యి తీయలేదు. పక్కన కూర్చున్న నాకు ఊరు ఊరంతా గెలిచినట్టు ఉంది. ఆ సంబరంలోనే ముక్కలన్నీ గాజుసీసాలోకి ఎత్తి, అప్పటికప్పుడు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేశాను. చల్లగా ఉంటే మరింత బాగుంటుందని నా తెలివి.

మూడో రోజు అందరికీ వడ్డించాను. ముక్క కోసినప్పుడెంత పచ్చిగా ఉందో అంత పచ్చిగానే ఉంది. ఆవపిండి చేదు, ఉప్పు పంటి కింద రాయి. మా ఆయన ముక్కని విస్తరి చివరికి తోసేశాడు. అత్త కోప్పడి ఉంటే నేను తిరిగి కోప్పడేదాన్ని. ఆవిడ నెమ్మదిగా అంది, "దాని సెయ్యి అంతే. నానేటి సేత్తాను."

వదిన సగం అన్నంలో లేచింది. సీసా పట్టుకెళ్ళి పెంటకుప్పలో బోర్లించి వచ్చింది. పైగా వచ్చి నన్ను ఓదార్చింది. "నీ తప్పేటీ నేదే పిల్లా. నా సెయ్యే మంచిది కాదు." ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నేను తెచ్చిపెట్టిన అవమానం ఆవిడ నెత్తిన పడింది. అంతకు ముందు నలుగురూ అనుకునేది, ఇప్పుడు తనే అనుకుంటోంది.

రెండు రోజులు ఆ ఖాళీ సీసానే కడిగిందే కడిగాను. మూడో రోజు సాయంత్రం వదిన పాలు తోడుపెట్టి, గిన్నె తీసుకెళ్ళి నివురుగప్పిన పొయ్యి పక్కన పెడుతోంది. చూస్తూ కూర్చున్నదాన్ని ఒక్క ఉదుటున లేచాను. తోడుపెట్టిన పాలు తీసుకెళ్ళి ఆ చల్లటి పెట్టెలో పెడితే పెరుగవుతాయా? ఆవ కూడా అంతే కదా! పులవాలంటే కాస్త వెచ్చదనం కావాలి. ఊరకుండానే దాన్ని బిగదీసి పెట్టింది నేను. చేతిదేం తప్పు?

ఇల్లంతా వినబడేలా అరిచాను. "తప్పు నాదే! వొదిన సెయ్యి కాదు, నా తొందరే!" మా ఆయన షాపులోంచి పరిగెత్తుకొచ్చాడు, నేను తప్పు ఒప్పుకోవడం ఆయన ఎప్పుడూ వినలేదు పాపం. అత్త మాత్రం, "సాల్లే సంబడం," అని మొహం తిప్పుకుంది.

రెండోసారి కలపమంటే వదిన ససేమిరా అంది. నువ్వు కలిపేదాకా అన్నం ముట్టనన్నాను. మధ్యాహ్నం దాకా నిజంగానే ముట్టలేదు. ఆకలికి నేను ఆగలేనని ఆవిడకి బాగా తెలుసు. "ఓసి మొండి గుంటా!" అని తిట్టుకుంటూ వచ్చి కలిపింది. ఈసారి సీసాని రెండు రోజులు పొయ్యి గట్టు మీదే ఉంచాను. మూత తీస్తే ఆవ ఘాటు ముక్కులోంచి మాడు దాకా ఎక్కినప్పుడు, అప్పుడు ఫ్రిజ్‌లోకి మార్చాను.

మర్నాడు అత్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. వదిన గుమ్మం దగ్గర నిలబడి తల్లి నోటి వంకే చూస్తోంది. రెండో ముద్దకి అత్త విస్తరి కాస్త ముందుకి జరిపి, "ఇంకో రెండు ముక్కలెయ్యి," అంది. ఆ సీసా మూడు వారాలు నిలిచింది. చివరి ముక్క కూడా కరకరలాడింది. ఆ తర్వాత ములక్కాడ, నిమ్మకాయ, క్యాబేజీ, ఏది దొరికితే అది. ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఎవరు కలిపారని అడిగితే నేను గట్టిగా వదిన పేరు చెప్పేదాన్ని. కొందరు మళ్ళీ రాలేదు. రాకపోతే పీడా పోయింది, మాకే ఇంకో ముద్ద మిగిలింది.

వేసవి వచ్చింది. మామిడి ముక్కలు ఉప్పులో వేసి, ఎండలో వాడబెట్టి, పెద్ద పళ్ళెం దించాం. వదిన అలవాటుగా లేచి పశువుల శాలలోకి వెళ్ళింది. నేను దెబ్బలాడటానికి నోరు తెరిచేలోపే అత్త అటూ ఇటూ చూసి, "అదెక్కడికెల్లిపోనాది? పిలు," అంది.

వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. "రా. కలుపు," అంది తల్లి.

"అమ్మా, ఇది ఏడాది జాడీ. పాడైపోతేనో?"

"పాడైపోతే ఏడాదీ ఉప్పు నంజుకు తిందుం. నిలబడిపోనావేటే, రా!"

వదిన కూర్చుని కలిపింది. "అడుగు నుంచి తియ్యి, ముక్కముక్కకీ పిండి పట్టాల," అని అత్త పక్కనుండి సతాయిస్తూనే ఉంది. ఆ తిట్లకి వదిన మొహం వెలిగిపోయింది. మూడు జాడీలకి ఎత్తి, వాసెన గుడ్డలు కట్టి అత్తే స్వయంగా గదిలో పెట్టింది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒకరోజు తెల్లవారుతుండగా ఫ్రిజ్ దీపానికి కిరసనాయిలు పోద్దామని లేచాను. జాడీల గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అత్త కూర్చుంది, ఒళ్ళో వదిన కలిపిన జాడీ ఒకటి. పైన తెల్లగా కట్టిన బూజుని గరిటెతో తీసి ఆకులో వేస్తోంది. పక్కన కాచి చల్లార్చిన నూనె గిన్నె ఉంది.

అత్త తలెత్తి నన్ను చూసింది. "తలుపు దగ్గరికెయ్యి," అంది. వేశాను.

"అది లెగిసిందా?"

"నేదత్తా. వొదిన పడుకునే ఉంది."

"దానికి సెప్పేవంటే నాలుక కోసేత్తాను." మళ్ళీ గరిటె ముంచింది. "ముసురుకి ఏ జాడీకైనా వస్తాది. నా సేతికీ వచ్చీది. పెల్లయి వచ్చిన కాడ్నుంచీ, ఏటేటా. ఎవులికీ సెప్పనేదు నాను."

నేను పక్కన కూర్చుని జాడీ వంచి పట్టుకున్నాను.