ఆరున్నరా, ఏడా

ప్రీముస్ తుపాకీ గొట్టం కింది కొక్కేన్ని దీపం పొగలో పెట్టాడు. మసి పట్టాక దాన్ని తుపాకీలో కూర్చి మూశాడు, మళ్ళీ తెరిచి చూశాడు. మసి చెరిగిన చోట ఉక్కు మెరిసింది. అక్కడ ఆకురాయితో ఒక్కసారి రాసి మళ్ళీ పొగలో పెట్టాడు. తుపాకులు చేసే మా ఫెర్లాఖ్ ఊళ్ళో తుపాకీ గాలి దూరకుండా మూసుకునేది ఇలాగే. ప్రీముస్ వాళ్ళ నాన్న బండి చక్రాలు చేసేవాడు. తుపాకీ పని ప్రీముస్ ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు, పాడైనవాటిని విప్పి నేర్చుకున్నాడు. వేటకు మాత్రం వెళ్ళడు. వండి తిననివాడని ఊళ్ళో ఎగతాళి.

ఈ తుపాకీ బుర్గి అనే పిల్ల కోసం చేస్తున్నది. ఒక్క తూటా పట్టేది, కొండ ఎక్కడానికి తేలికైనది. కిందటి శరత్తులో ఆమె మేనమామ ఫ్లోరియన్ తుపాకీతో కొండమేకను కొట్టింది. దెబ్బ కాలికి తగిలింది. కుక్కతో సాయంత్రం దాకా దాని వెంట తిరిగారు. ఇంకోసారి అలా జరిగితే కొండెక్కనని ఆమె ఒట్టు పెట్టుకుంది.

ఆ రోజు మేనమామా మేనకోడలూ ప్రీముస్ దగ్గరికి వచ్చారు. గొట్టం ఆరున్నర మిల్లీమీటర్లకు తొలిచి ఉంది.

"ఒరేయ్ ప్రీముస్, దీన్ని ఏడు చెయ్యి," అన్నాడు ఫ్లోరియన్. అతనూ ప్రీముసూ ఒకే బడిలో చదివినవాళ్ళు. "తూటా పెద్దదైతే ఎక్కడ తగిలినా పడుతుంది."

"పోయినేడు నీ ఏడుతోనేగా కొట్టింది?"

"ఈ పిల్లకే చెయ్యి కుదరలేదు."

"గొట్టం రంధ్రం పెద్దది చెయ్యడం ఎంతసేపు. మళ్ళీ చిన్నది చెయ్యలేను. ముందు పెరట్లోకి రండి."

పెరటి చివర మట్టికట్ట ముందు గురిపలక ఉంది. ప్రీముస్ ఫ్లోరియన్ వెంట తెచ్చిన ఏడు మిల్లీమీటర్ల తుపాకీలో తానే తూటా పెట్టి, మూసి, బుర్గికి ఇచ్చాడు. ఆమె గురి పక్కకు పోయింది. మరోసారి ఇచ్చాడు. ఈసారి లోపల పేలిపోయిన తూటా ఖాళీ తొడుగే ఉంది, ఆ సంగతి చెప్పలేదు. ఆమె మీట నొక్కింది. టిక్కుమంది. అయినా తుపాకీ మూతి నేలకు వంగింది, కళ్ళు మూసుకున్నాయి.

"చూశావా, పిరికిది," అన్నాడు ఫ్లోరియన్. "ఇలా ఇవ్వు."

అతను మొదటిది నడిమధ్యన కొట్టాడు. రెండోసారి ప్రీముస్ అతనికీ ఖాళీ తొడుగే పెట్టిచ్చాడు, టిక్కుమంది. అతని భుజం ఎగిరి టోపీ కింద పడింది.

"గాలి," అన్నాడు టోపీ దులుపుకుంటూ.

"ఆకు కదలట్లేదు మామయ్యా," అంది బుర్గి.

ప్రీముస్ నవ్వలేదు. లోపలి నుంచి తన ఆరున్నర తుపాకీ తెచ్చాడు. అదీ అంతే తేలిక, కానీ భుజాన్ని అంతగా తన్నదు. బుర్గి కొడుతూ పోయింది, రంధ్రాలు దగ్గరదగ్గరగా పడ్డాయి. మధ్యలో ఒకసారి టిక్కుమంది. మూతి కదలలేదు. ఆమె తెరిచిన కళ్ళతో గురినే చూస్తూ ఉంది.

"తేలిక తుపాకీలో ఏడు పెడితే గాడిదలా తంతుంది," అన్నాడు ప్రీముస్. "ఆ తన్నుకు ముందే ఒళ్ళు జడుస్తుంది. నీకూ జడిసింది కదరా. నువ్వు అలవాటు మీద లాక్కొస్తున్నావు."

ఫ్లోరియన్ గురిపలక దగ్గరికి వెళ్ళి రంధ్రాల మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"మరి ఎర్రదుప్పి ఎదురైతే?"

"దాన్ని నువ్వు కొడుదువుగాని. ఈ పిల్ల కొండమేకకే వెళ్తోంది."

"మామయ్య టోపీ తాడుతో కట్టుకుని వస్తాడు," అంది బుర్గి.

ఫ్లోరియన్ నవ్వాపుకోలేక ఆమె తెచ్చిన దాల్చినచెక్క రొట్టెలో పెద్ద ముక్క విరుచుకున్నాడు. ఆరున్నర ఖాయమైంది.

ఆ వేసవి ప్రీముస్ తూటా కూర్చునే గది తొలిచాడు, వాల్‌నట్ కర్రను బుర్గి చెంపకు సరిపడా చెక్కి నూనె పట్టించాడు. ప్రభుత్వ పరీక్ష ముద్ర వేయించి తెచ్చాక తానే పెరట్లో కొట్టి గురి సరిచేశాడు.

కొండల మీద పచ్చిక పసుపెక్కే వేళకు బుర్గి వచ్చింది. పలక దగ్గర నిలబడి ఒక్కసారి కొట్టింది. రంధ్రం నడిమధ్యన పడింది. "ఇంకోటి?" అని ప్రీముస్ అడిగితే తల అడ్డంగా ఊపింది.

అతను గొట్టం తుడిచి, తుపాకీని నడుమ దగ్గర మడిచి తెరిచి, ఖాళీగా రెండు చేతుల మీద ఆమెకు అందించాడు. గురి దగ్గర తప్ప మాలో తుపాకీని మూసి ఎవరూ చేతికివ్వరు. ఆమె గొట్టంలోంచి కొండ వైపు చూసింది, వెలుతురు గుండ్రంగా కనబడింది. మూసి, భుజాన వేసుకుంది.